కొలత గ్లాసుపై గీతను చదువుట యెట్లు?

వడ్లు కొలుచునప్పుడు కుంచముపై గోపురము కట్టి కొలిచిన కొలత వేరు, అంచునకు కర్ర వేసి చదును చేసి కొలిచిన కొలత వేరు. ఈ సంగతి మన పెద్దలకు ఎవరును చెప్పనక్కరలేకుండెడిది. కౌలు గింజలకు ఏ కొలత, అప్పు గింజలకు ఏ కొలత అని కళ్ళములో అడుగుపెట్టక ముందే మాటాడుకొనెడివారు. గిద్ద, సోల, తవ్వ, మానిక, అడ్డ, కుంచము అను ఆ పాత్రలు 1956వ సంవత్సరపు తూనికలు, కొలతల చట్టము తరువాత క్రమముగా అటకెక్కినవి. లీటరు, మిల్లీలీటరు వాటి స్థానమున వచ్చినవి. పాత్ర మారినది గాని, ఒక్క మానికకైనను మోసపోరాదను పట్టుదల మన రైతులో చావలేదు. అట్టి రైతు పురుగు మందు సీసా చేతపట్టినప్పుడు మాత్రము "సుమారు ఒక మూత పోయుము" అనుచున్నాడు.

ఆ మూత స్థానమున ఉండవలసిన గీతల గ్లాసును గూర్చి ఈ వ్యాసము వ్రాయబడినది. గ్లాసు కొనుట సులువే. దానిపై గీతను సరిగా చదువుటలో చదువుకొన్నవారును పొరబడుచున్నారు. నేనును పొరబడితిని. ముందు ఆ కథ చెప్పెదను.

సీసా కారినదా, కొలత కారినదా?

నేను ఉద్యోగములో చేరిన రెండవ ఏట, నాగార్జునసాగరు ఎడమ కాలువ క్రింద ఒక గ్రామములో, నాటు వరిలో కలుపు మందు పిచికారీ ప్రదర్శన ఏర్పాటు చేసితిమి. మందు బిస్పైరిబాక్ సోడియము 10 ఎస్.సి.; ఎకరమునకు 100 మి.లీ. సీసా ఒకటి. ముందురోజు వట్టి నీటితో కొంత మేర పిచికారీ చేసి లెక్క చూచుకొనగా, ఆ ఎకరమునకు 16 లీటర్ల ట్యాంకులు 10 పట్టునని తేలినది. కనుక ట్యాంకుకు 10 మి.లీ. మందు. ఇంతకంటె తేలిక లెక్క మరొకటి లేదు.

గట్టుపై సుమారు ముప్పదిమంది నిలబడియుండిరి. వెనుకనున్నవారికి కన్పించవలెనని నేను 100 మి.లీ. ప్లాస్టిక్ గ్లాసులో మందు కొంచెముగా పోసి, తలకంటె ఎత్తుగా పట్టి, ఆకాశపు వెలుగులో చూచి, గీతకు చాలకున్న మరికొంత పోసి, "ఇదిగో, ఇది 10 మి.లీ." అని చూపుచు ఒక్కొక్క ట్యాంకు కలిపించితిని. ఏడవ ట్యాంకు కలుపుటతో సీసా ఖాళీ అయినది. ఆ పొలము రైతు, నాకు తండ్రి వయసువాడు, సీసాను తలక్రిందులు చేసి ఊపి చూచి, "సారూ, పది ట్యాంకులకు రావలసిన మందు ఏడు ట్యాంకులకే అయిపాయె. సీసా కారిందా, మీ కొలత కారిందా?" అని అడిగెను. అందరును నవ్విరి. సీసాలోనే తక్కువ పోసి అమ్మియుందురని నేను సర్దిచెప్పితిని.

ఆ రాత్రి బసలో నాకు నిద్ర పట్టలేదు. తెల్లవారి అదే గ్లాసులో నీరు పోసి, నిన్నటివలెనే ఎత్తి పట్టి 10 గీతకు నింపి, దానిని బల్లపై నుంచి వంగి చూచితిని. నీరు 14 వద్ద నున్నది. ఏడు పదునాలుగులు తొంబదియెనిమిది. సీసా నిర్దోషియని తేలిపోయినది.

మందు పడిన ఏడు వంతుల మడిలో వరి ఆకులు పసుపెక్కి, కొన్ని దినములకు తిరిగి కోలుకొన్నవి. మందు పడని మూడు వంతులలో ఊద ఏపుగా లేచినది. దానిని తీయించుటకు ఆయన కూలీలను పెట్టవలసి వచ్చెను. ఆ కూలి ప్రదర్శన ఖర్చుల పద్దులో వ్రాయుటకు వీలులేకపోయినది. నేను నా చేతినుండి ఇవ్వబోగా ఆయన, "మళ్ళీ వచ్చినప్పుడు కూర్చొని కొలువుండ్రి, అదే చాలు" అనెను. నాటినుండి నేను నిలబడి ఎన్నడును కొలువలేదు.

కన్ను ఎక్కడ ఉండవలెను?

తప్పు ఎక్కడ జరిగినది? గీతలు గ్లాసు గోడపై నున్నవి. మనము చూడవలసిన ద్రవపు మట్టము గ్లాసు నడుమ నున్నది. ఈ రెంటికి నడుమ వేలెడు దూరము కలదు. మీ చూపుడు వ్రేలిని ముఖమునకు ఎదురుగా నిలిపి, దాని వెనుకనున్న గోడను చూచుడు. తల ప్రక్కకు జరిపిన వ్రేలు గోడపై మరొక చోటికి జరిగినట్లు కన్పించును. వ్రేలు కదలలేదు, మీ కన్ను కదలినది. మోటారుసైకిలు వెనుక కూర్చున్నవానికి వేగము చూపు ముల్లు, నడుపువానికి కన్పించిన అంకెపై కన్పించకపోవుటకును ఇదియే కారణము.

గ్లాసు నేలపై నుంచి మనము నిలబడి పైనుండి చూచినప్పుడు, మన చూపు గోడపై నున్న ఎగువ గీతను దాటి, నడుమనున్న మట్టమును చేరును. కనుక ఉన్నదానికంటె ఎక్కువ మందు ఉన్నట్లు కన్పించును. గీతకు చేరినదని పోయుట ఆపివేయుదుము. నిజముగా పడినది తక్కువ. గ్లాసును తలకంటె ఎత్తి చూచినప్పుడు ఇది తారుమారగును. మందు తక్కువగా ఉన్నట్లు కన్పించును. చాలలేదని మరికొంత పోయుదుము. పడినది ఎక్కువ. ఈ మాట ఒక్కటి గుర్తుంచుకొనుడు: పైనుండి చూచిన ఎక్కువ కన్పించి తక్కువ పడును, క్రిందినుండి చూచిన తక్కువ కన్పించి ఎక్కువ పడును.

ఎంత తేడా వచ్చునో లెక్క కట్టి చూతము. లోపలి వ్యాసము 3 సెంటీమీటర్లు గల గ్లాసులో ఒక సెంటీమీటరు ఎత్తుకు సుమారు 7 మి.లీ. ద్రవము పట్టును. మన చూపు అడ్డముగా ఉండవలసినదానికంటె 30 డిగ్రీలు పైనుండి వాలినచో, మట్టము దాదాపు 0.9 సెంటీమీటరు ఎత్తుగా, అనగా సుమారు 6 మి.లీ. ఎక్కువగా కన్పించును. క్రిందినుండి చూచునప్పుడు చూపు ద్రవము గుండా పోవుటచే కొంత వంగి, తేడా కొంచెము తగ్గి 4 మి.లీ. ప్రాంతమున నిలుచును. కొలవవలసినది 80 మి.లీ. అయినచో ఈ తేడా అంత బాధింపదు. కొలవవలసినది 10 మి.లీ. అయినచో సగము మందు తారుమారగును. నా ప్రదర్శనలో జరిగినది ఇదియే.

ఒకసారి ఎక్కువ పడిన మరొకసారి తక్కువ పడి సరిపోవును గదా అని కొందరందురు. అట్లు సరిపోదు. ఒక మనిషి ఒకే ఎత్తున నిలబడి, ఒకే తీరున గ్లాసు పట్టును. అతని తప్పు పది ట్యాంకులలోను ఒకే ప్రక్కకు పడును. డ్రోనుతో పిచికారీ చేయు గ్రామములలో ఇది మరియు గట్టిగా గమనింపదగినది. అచ్చట ఎకరమునకు 8 నుండి 10 లీటర్ల నీరే వాడుదురు. ఎకరము మందు అంతయు ఒక్క ట్యాంకులోనే పడును గనుక, ఒక్క తప్పు చూపు ఎకరము పొలమునకు చెల్లును.

ఇక చేయవలసినదేమన, ఒక ముక్కాలిపీటను గాని, రెండు ఇటుకలపై చెక్కను గాని కదలకుండ అమర్చుడు. గ్లాసును దానిపై నిలుపుడు. చేతబట్టిన గ్లాసు ఏ ప్రక్కకో ఒరగక మానదు. గొంతుక్కూర్చొని, మీ కన్ను గీతకు సరిసమానమైన ఎత్తునకు వచ్చువరకు వంగుడు. మంచి గ్లాసులలో ముఖ్యమైన గీతలు గ్లాసు చుట్టును తిరిగియుండును. అట్టిచో ముందువైపు గీత, వెనుకవైపు గీత ఒక్కటిగా కలిసి కన్పించినప్పుడు మీ కన్ను సరియైన ఎత్తున నున్నట్లు. రెండు గీతలు విడివిడిగా కన్పించుచున్నంతవరకు మందు పోయకుడు.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పక తప్పదు. కన్ను గీత ఎత్తునకు తెమ్మంటిని గదాయని ముఖమును గ్లాసు వద్దకు చేర్చరాదు. బారచాపు దూరమున నుండియే చదువవచ్చును. గాలి మీ వీపు వైపు నుండి వీచునట్లు కూర్చొనుడు. చేతులకు తొడుగులు, కండ్లకు అద్దములు తప్పనిసరి. గ్లాసును తలపైకెత్తు అలవాటు కొలతకే గాక కంటికిని చేటు. ఒక్క చుక్క జారిన అది పడునది ముఖముపైననే.

నెలవంక అడుగు

గాజు గొట్టములో నీరు పోసి కంటి ఎత్తున చూచినచో, నీటి పైభాగము చదునుగా నుండదు. గోడల వద్ద పైకి ప్రాకి, నడుమ గుంటపడి, విదియనాటి నెలవంకవలె వంగియుండును. కుంచముపై వడ్ల గోపురమునకు ఇది సరిగా తలక్రిందులు. ఇచ్చట ఏది లెక్కకు తీసికొనవలెను? నెలవంక అడుగును మాత్రమే. గోడల వెంట ప్రాకిన అంచును చూచి చదివినచో, ఉన్నదానికంటె ఎక్కువ ఉన్నట్లు భ్రమపడుదుము. గొట్టము ఎంత సన్నమైన ఈ వంపు అంత స్పష్టముగా నుండును. ప్లాస్టిక్ గ్లాసులలో నీరు గోడకు అంతగా అంటదు గనుక వంపు దాదాపు కన్పించదు. అట్టిచోట మట్టమునే చదువుకొనవచ్చును.

వంపు సరిగా కన్పించనిచో గ్లాసు వెనుక ఒక తెల్ల కాగితము నిలుపుడు. ఆ కాగితముపై నల్లని పట్టీ ఒకటి గీసి, దానిని ద్రవపు మట్టమునకు కొంచెము దిగువగా నుంచినచో నెలవంక అడుగు నల్లని గీతవలె తేటగా అగపడును.

అన్ని మందులలోను ఈ అడుగు కన్పించదు. ఇ.సి. అను గుర్తు గల మందులు పెక్కు తేటగా, తేనె రంగుగా నుండును. వాటి అడుగు చూడవచ్చును. ఎస్.సి. అను గుర్తు గలవి చిక్కని మజ్జిగవలె నుండును. వాటి గుండా చూపు పోదు. అట్టివాటికి పై అంచునే చదువుకొనవలెను. తేడా అత్యల్పము. పాలను పరీక్షించు లాక్టోమీటరును చదువునప్పుడును పాలు తెల్లగా నుండుటచే పై అంచునే చూతురని పాడి రైతులు ఎరుగుదురు. నురుగు లేచిన మందును మాత్రము, నురుగు అణగువరకు ఆగకుండ ఎవరును చదువజాలరు.

ఒక్కొక్క గీత విలువ యెంత?

కన్ను సరియైన చోట నిలిపినను గీత విలువ తెలియనిచో ప్రయోజనము లేదు. గ్లాసుపై 10, 20, 30 అని అంకెలుండును. 10కిని 20కిని నడుమ ఎన్ని ఖాళీలున్నవో లెక్కించుడు. గీతలను కాదు, ఖాళీలను. పది ఖాళీలున్నచో ఒక్కొక్కటి 1 మి.లీ.; ఐదే ఉన్నచో ఒక్కొక్కటి 2 మి.లీ. ప్రతి గీతయు ఒక మిల్లీలీటరేయని తలచి, 10 దాటిన తరువాత నాలుగు గీతలు లెక్కించి 14 అనుకొన్నవాడు, రెండవ రకపు గ్లాసులో 18 పోసినవాడగును. దుకాణములో గ్లాసు కొనునప్పుడే ఈ లెక్క చేసికొని, దాని ప్రక్కన ఆరని సిరాతో "ఒక గీత 2" అని వ్రాసియుంచుకొన్నచో, మీరు లేనప్పుడు కలుపు పాలేరుకును తెలియును.

కొద్దిపాటి మందుకు సన్నని పాత్రయే కావలెను. ఇమిడాక్లోప్రిడ్ 17.8 ఎస్.ఎల్. వంటి మందును లీటరు నీటికి 0.25 మి.లీ. చొప్పున కలుపుమని చెప్పినప్పుడు 16 లీటర్ల ట్యాంకుకు కావలసినది 4 మి.లీ. మాత్రమే. ఇందాక చెప్పిన 3 సెంటీమీటర్ల గ్లాసులో అది సుమారు అర సెంటీమీటరు ఎత్తు మాత్రమే యుండును. దానిని ఎవరి కన్నును సరిగా చదువజాలదు. సూది తీసివేసిన 5 లేక 10 మి.లీ. సిరంజి దీనికి మేలైనది. సిరంజిలో చదువవలసినది నల్లని రబ్బరు బిళ్ళ ముందు అంచును, అనగా గొట్టము గోడను అంటుకొనియుండు మొదటి వలయమును. నడుమ మొనగా పొడుచుకొనివచ్చిన భాగమును కాదు. ముందుగా కొంత గాలి దూరిన, మొన పైకి పట్టి గాలిని వెడలించిన పిమ్మటనే చదువుడు. పైన ముక్కాలిపీట ఎందులకు వేయమంటినో, సిరంజికిని అందులకే కన్ను ఎదురుగా నుండవలెను. అయితే గొట్టము సన్నమగుటచే తప్పు అతి స్వల్పము. ఆ సిరంజిపై ఎర్రరంగు పూసి, మందు పెట్టెలోనే తాళము వేసి యుంచుడు. అది పశువుల మందుకును, పిల్లల ఆటకును ఎన్నటికిని చేరరాదు.

ఇక మూతల సంగతి. "మూతకు పది మిల్లీలీటర్లు" అను మాట గ్రామములలో వేదవాక్కువలె చెలామణి యగుచున్నది. ఒక కంపెనీ మూత మరియొక కంపెనీ మూతతో సమానము కాదు. ఒకే కంపెనీవారి 100 మి.లీ. సీసా మూతయు, లీటరు సీసా మూతయు సమానము కావు. మూతను అంచువరకు నింపువాడొకడు, మర వరకు నింపువాడొకడు. దుకాణదారుడు "ట్యాంకుకు రెండు మూతలు" అని చెప్పినచో, ఏ సీసా మూత, ఎంతవరకు అని తిరిగి అడుగుడు. అతడును చెప్పలేడు. సీసాతో పాటు గీతలున్న కొలమూత ఇచ్చినచో దానిని వాడవచ్చును.

సీసాయే సాక్షి

కొలత సరిగా నున్నదో లేదో తెలిసికొనుటకు పెద్ద పరికరములు అక్కరలేదు. కొత్త గ్లాసును, ఇంకను మందు తగలని దానిని, కిరాణా కొట్టులోని తూకపు యంత్రముపై నుంచి, అంకెను సున్నకు తెచ్చి, 100 గీత వరకు మంచినీరు పోయుడు. 100 మి.లీ. నీరు 100 గ్రాములు తూగవలెను. మన ఎండలకు కాగిన నీరు అరగ్రాము తగ్గిన తగ్గవచ్చును. ఐదారు గ్రాముల తేడా వచ్చిన గ్లాసును తిప్పి ఇచ్చివేయుడు. ఈ లెక్క నీటికే గాని మందునకు కాదు. మందులు నీటికంటె బరువైనవియు, తేలికయైనవియు కలవు. కనుక మి.లీ. లలో చెప్పిన మందును గ్రాములలో తూచరాదు. వాడిన గ్లాసును కిరాణా కొట్టుకు తీసికొనిపోరాదని వేరుగా చెప్పనక్కరలేదు.

పొలములో నిత్యము చేసికొనదగిన పరీక్ష మరియొకటి కలదు. నాకు ఆ రైతు నేర్పినది అదియే. సీసాలోని మందు ఎన్ని ట్యాంకులకు రావలెనో ముందుగా లెక్క కట్టి, సీసాపైననే వ్రాయుడు. సగము ట్యాంకులు అగునప్పటికి సీసా సగము కావలెను. అంతకు ముందే తరిగినచో మీరు క్రిందినుండి చూచుచున్నారు. మిగిలినచో పైనుండి చూచుచున్నారు. సీసా అబద్ధమాడదు. పురుగు చావలేదు, మందు నకిలీది అని మా కార్యాలయమునకు వచ్చువారిని నేను మొదట అడుగునది, "సీసాలో మందు మిగిలినదా?" అని. నకిలీ మందులు లేవని నేననను. ఉన్నవి, వాటిపై ఫిర్యాదు చేయవలసినదే. అయితే మిగిలిన సీసాను సంచిలో పెట్టుకొని వచ్చి మందు పనిచేయలేదన్నవారిని నేను పలుమారులు చూచితిని. మోతాదు తగ్గిన మందునకు పురుగులో బలహీనమైనవి చచ్చి, బలమైనవి మిగులును. ఆ మిగిలినవాటి సంతతికి అదే మందు తరువాత తరువాత పనిచేయదు. రైతు రెండవ మందు కొనును, ఆపై రెండును కలిపి కొట్టును. ఖర్చు ఎక్కడ మొదలైనదో అప్పటికి ఎవరికిని జ్ఞాపకముండదు.

గ్లాసులో కొలిచినదంతయు ట్యాంకులో పడదు. చిక్కని మందు, వేపనూనె వంటివి గోడలకు అంటుకొని నిలుచును. ప్రతిసారియు గ్లాసులో కొద్ది నీరు పోసి కడిగి, ఆ కడుగును ట్యాంకులోనే పోయుడు. ఇట్లు మూడు పర్యాయములు చేసినచో గ్లాసును శుభ్రమగును, మందును దండుగ కాదు. ట్యాంకుపై నున్న లీటరు గీతలకును ఇదే న్యాయము. వాలుగా నున్న గట్టుపై ట్యాంకును నిలిపి 16 లీటర్ల గీతకు నింపినవారు ఏ మూల గీతను చూచిరో వారికే తెలియవలెను. చదునైన నేలపై నుంచి, సగము నీరు పోసి, మందు కలిపి, పిమ్మట గీతవరకు నింపుడు.

గ్రామాధికారులకు ఒక మాట

వర్షమాపకమును చదువు అధికారులకును ఈ సంగతులన్నియు వర్తించును. అయితే ఇచ్చట తప్పు తిరుగబడును. రైతు గీతవరకు పోయును, మీరు ఉన్నదానిని చదివి వ్రాయుదురు. కనుక పైనుండి చూచినచో కురిసినదానికంటె ఎక్కువ వర్షము రిజిస్టరు కెక్కును, ఎత్తి పట్టి చూచినచో తక్కువ. ఉదయము 8 గంటల 30 నిమిషములకు కొలత గాజును చదునైన చోట నిలిపి, నెలవంక అడుగును కంటి ఎత్తున చదివి, అంకె వ్రాసిన తరువాతనే నీరు పారబోయవలెను. వర్షము గాజులో పట్టనంత యెక్కువైనచో విడతలు విడతలుగా కొలిచి, ప్రతి విడతను అప్పటికప్పుడు వ్రాసి కూడుడు. మనసులో కూడరాదు.

ఒక దినమున 2.5 మి.మీ. గాని అంతకు మించి గాని కురిసిననే భారత వాతావరణ శాఖవారు దానిని వర్షదినముగా లెక్కింతురు. 2.4 అని వ్రాసిన ఆ దినము లెక్కలోనికి రాదు. మీ చూపులోని పదవ వంతు మిల్లీమీటరు ఆ గ్రామపు వర్షదినముల సంఖ్యను మార్చగలదని గుర్తింపుడు.

అంతకంటె పెద్ద తప్పు మరొకటి జరుగుచున్నది. వర్షమాపకములు 200 చదరపు సెంటీమీటర్ల నోరు గలవియు, 100 చదరపు సెంటీమీటర్ల నోరు గలవియు కలవు. దేని గాజు దానిదే. 200 నోటికి ఒక మి.మీ. వర్షమనగా 20 మి.లీ. నీరు, 100 నోటికి 10 మి.లీ. చిన్న నోటి మాపకములో పడిన నీటిని పెద్ద నోటి గాజుతో కొలిచినచో 5 మి.మీ. వర్షము 2.5 గా నమోదగును. ఒక మి.మీ. వర్షమనగా ఎకరమునకు నాలుగు వేల లీటర్లకు పైగా నీరు. కాగితముపై ఎన్ని వేల లీటర్లు మాయమైనవో మీరే లెక్కించుకొనుడు. గాజు పగిలి కొత్తది వచ్చువరకు, మామూలు మి.లీ. గ్లాసుతో నీటిని కొలిచి, పెద్ద నోటి మాపకమునకు 20 చేతను, చిన్నదానికి 10 చేతను భాగించినచో మి.మీ. వచ్చును. 127 మి.మీ. వ్యాసము గల పాత సైమన్సు మాపకము ఇంకను ఎక్కడైన నున్నచో 12.7 చేత భాగింపవలెను.

గ్లాసు గీతలు మాసిపోయినప్పుడు

అచ్చుగ్రుద్దిన రంగు గీతలను మందులోని ద్రావకము కొన్ని నెలలలో తినివేయును. అందుచే ప్లాస్టిక్ గ్లాసు కొనునప్పుడు వ్రేలితో తడిమి చూచి, గీతలు ఉబ్బెత్తుగా పోతపోసినదానిని ఎన్నుకొనుడు. రంగు గీతల గ్లాసు ఇదివరకే ఇంట నున్నచో, గీతలు పూర్తిగా చెరగక మునుపే ఒక పూట కూర్చొని, మందునకు వాడు సిరంజితో 10 మి.లీ. చొప్పున నీరు పోయుచు, ప్రతి మట్టము వద్దను కంటి ఎత్తున చూచి, కాల్చిన మేకు మొనతో అడ్డముగా గాటు పెట్టుడు. గాటు గ్లాసు చుట్టును సగము వరకైనను తిరుగునట్లు పెట్టినచో, ముందు గీత వెనుక గీతతో కలిసినదో లేదో చూచుకొనుట కూడ కుదురును. ఆ నీటిని త్రాగు నీటి చెంతను గాని, పశువుల తొట్టి చెంతను గాని పారబోయక, తరువాతి పిచికారీ ట్యాంకులో కలిపివేయుడు.